కుడివైపు మాత్రమే తిప్పవలెను

ఇది విశ్వం పుట్టిన తొలి ఘడియల్లో మొదలై, రాజధానులు కూలిన కొండల మీదుగా సాగి, పట్టుదారాల ఊళ్ళో ముగిసే మహాయాత్ర. చదివినవాళ్ళు మూడు రాత్రులు నిద్రపోరు.

పై రెండు వాక్యాలూ బస్సులో కూర్చుని రాసుకున్నవి. తిరిగొచ్చాక చూసుకుంటే జరిగింది ఇంతే: బెంగుళూరు నుంచి హిందూపురం, అక్కణ్ణుంచి పెనుకొండ, ఆపైన ధర్మవరం. మూడు రోజులు, ఒళ్ళో ఒక అట్టపెట్టె. నిద్రపోనిది నేనొక్కదాన్నే. అందులోనూ సగం పాపం లాడ్జీ ఫ్యానుది.

పెట్టెలో ఏముందో ముందే చెప్పేస్తాను. దారిలో కనబడ్డ ప్రతివాళ్ళూ అదే అడిగారు.

విశ్వం పుట్టిన కొత్తల్లో ఉన్న వేడి చల్లారగా చల్లారగా మిగిలిన చివరి సెగ ఇప్పటికీ ఆకాశమంతా పరుచుకుని ఉంది. కంటికి కనబడదు, మైక్రోవేవ్ తరంగాలుగా వస్తుంది. ఆ తరంగాలు ఏ వాలులో ఊగుతున్నాయో కొలవడానికి ఒక పరికరం తయారవుతోంది. ఎప్పటికో ఉపగ్రహం ఎక్కుతుంది. అంతవరకూ నేలమీద దాన్ని పరీక్షించే గుంపులో నేనొకదాన్ని. నా పని చాలా చిన్నది. పరికరం ఎక్కడ అబద్ధం చెబుతోందో పట్టుకోవడం.

కొలతల్లో తప్పులు రెండు రకాలు. ఒకటి అటొకసారి ఇటొకసారి పడేది. వెయ్యిసార్లు కొలిచి సగటు తీస్తే సర్దుకుంటుంది. రెండోది ఎప్పుడూ ఒకే పక్కకు పడేది. తణుకులో మా ఇంటి గోడగడియారం ఏడు నిమిషాలు ముందుంటుంది. రోజుకు వందసార్లు చూసి సగటు తీసినా ఏడు నిమిషాలు ముందే ఉంటుంది. ఈ రెండో రకాన్ని మేం క్రమదోషం అంటాం. పరికరం పైకి వెళ్ళాక స్క్రూ తిప్పిరావడానికి ఎవరూ వెళ్ళరు కాబట్టి ఇవన్నీ ఇక్కడే ఏరెయ్యాలి.

నేనొకటి ఏరాను. ఎన్నిసార్లు కొలిచినా డిగ్రీలో మూడోవంతు వాలు ఎక్కువగా వస్తోంది, ఎప్పుడూ ఒకే పక్కకి. చిన్న విషయమే. కాకపోతే ఆ మూడోవంతుతో విశ్వం పుట్టుక గురించి ఒక కొత్త కథ పుట్టించవచ్చు, అది పూర్తిగా అబద్ధం కావచ్చు. తప్పు ఎక్కడుందో వెతికి నలభై రెండు పేజీల రిపోర్టు రాశాను. నా థీసిస్‌లో మూడో అధ్యాయం కూడా అదే. సారాంశం: లెన్సును బిగించి ఉంచే పట్టు మెలిపడి ఉంది.

ఆ లెన్సు పట్టు చేసింది శశికళ. నా రూమ్మేటు. రిపోర్టు ఇచ్చిన రోజు నుంచి మా ఫ్రిజ్జులో రెండు పాలప్యాకెట్లు ఉంటున్నాయి, పేర్లు రాసి.

సోమవారం ఉదయం పదింటికి ఆ పట్టును కోసి విప్పాలని నిర్ణయమైంది. జిగురుతో అతికించినది కాబట్టి కోస్తే మళ్ళీ కట్టడానికి ఆరు నెలలు. శశి ఉద్యోగానికి మిగిలిన గడువు నాలుగు నెలలు. లెక్క ఇద్దరికీ తెలుసు. ఇద్దరం మాట్లాడుకోలేదు.

"కోసేముందు ఇంకొక్కసారి కొలిచి ఖాయం చెయ్యి" అన్నారు మా ప్రొఫెసర్. సరిగ్గా అప్పుడే నేను కొలవడానికి వాడే తీగల చట్రంలో నాలుగు తీగలు తెగాయి, హ్యాండిల్ పట్టేసింది. ఆ చట్రమే నా అట్టపెట్టెలో ఉన్నది. అడుగు వెడల్పు ఇనపరింగు, దాని మీద వెంట్రుక కంటే సన్నని తీగలు వందలకొద్దీ పక్కపక్కన. ఒక వాలులో ఊగే తరంగాల్నే పోనిస్తుంది. హ్యాండిల్ తిప్పితే రింగు తిరుగుతుంది, ఎంత తిరిగిందో హ్యాండిల్ పక్కన డయల్ చెబుతుంది. కొత్త తీగల అల్లిక విదేశం నుంచి రావాలంటే నాలుగు నెలలు. నాకున్నవి మూడు రోజులు.

హిందూపురం: శుక్రవారం

మిరపకాయల మార్కెట్టు దాటుతుండగా ఆటోలో పదకొండుసార్లు తుమ్మాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"కొత్తనా పాపా హిందూపురానికి?"

"అవునండీ."

"మూడు దినాలుంటే అలవాటైపోతాది."

"ఒక్కరోజే ఉంటాను."

"అయితే తుమ్ముతానే ఉండు."

బోర్డుల మీద తెలుగూ కన్నడమూ భుజాలు రాసుకుంటూ ఉంటాయి. మనుషులు వాక్యాన్ని ఒక భాషలో మొదలెట్టి ఇంకో భాషలో దిగిపోతారు. హోటల్లో ముద్ద అడిగాను. మా వైపు భోజనమంటే అన్నం, అన్నం తర్వాత అన్నం, చివర్న పెరుగన్నం. ఇక్కడ కంచంలో క్రికెట్ బంతికి అన్నలా ఉన్న రాగిముద్ద ఒకటి దిగింది, పక్కన ఊరుబిండి అనే వేరుశెనగల పచ్చడి. నమలడం మొదలుపెట్టాను. అరనిమిషానికి పళ్ళు రెండు వరసలూ విడాకులకు ఒప్పుకోలేదు.

"నమలగూడదు పాపా, మింగల్ల" అన్నాడు పక్కబల్ల పెద్దాయన.

"అలాగే మింగితే?"

"అట్లే పోతాది. దానికి దావ తెల్సు."

నిజంగానే దారి తెలుసు. యాభై రూపాయలు. ఓనరు "దుడ్లు చిల్లర ఉంటే ఇయ్యమ్మా" అన్నాడు. ఇచ్చి, బాషా మేస్త్రి షెడ్డుకు వెళ్ళాను. ఆ రింగూ హ్యాండిలూ మూడేళ్ళ కిందట మాకు చేసిచ్చింది ఆయనే. అరవయ్యేళ్ళు ఉంటాయి. చేతులు కడుక్కున్నా నల్లగానే ఉంటాయి కాబట్టి కడుక్కోవడం మానేశారనుకుంటాను.

పళ్ళచక్రం విప్పి వెలుతుర్లో పెట్టి చూసి, నన్ను చూశారు.

"ఎవురమ్మా దీన్ని తిప్పేది?"

"అందరం తిప్పుతాం."

"పండ్లన్నీ ఒగే పక్క అరిగిపోయినాయి. ఎడం పక్కకి తిప్పరా ఏమి?"

హ్యాండిల్ పక్కనున్న ఎర్రబాణం స్టిక్కరు చూపించాను. 'కుడివైపు మాత్రమే తిప్పవలెను.' దాని చరిత్ర చెప్పాను. చట్రం వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాం, రింగుకు పసుపు రాసి బొట్టు పెట్టాం. ప్రొఫెసర్ గారు శుభమా అని హ్యాండిల్ మూడు చుట్లు ప్రదక్షిణంగా తిప్పారు. నాలుగోది ఎవరో ఎడమకి తిప్పబోతే, "అప్రదక్షిణం దేనికి, మొదటిరోజు?" అని ఇంకెవరో అన్నారు. మర్నాటికి స్టిక్కరు పడింది. అతికించిందెవరో తెలియదు. మూడేళ్ళలో ఎవరూ ఎడమకి తిప్పలేదు. మేం దేన్నైనా నమ్మేముందు రుజువు అడిగేవాళ్ళం. స్టిక్కరును అడగలేదు.

మేస్త్రి నవ్వలేదు. ఎడంచేత్తో టీగ్లాసు ఎత్తుకున్నారు.

"నేను ఎడంచేతోన్ని. ఈ సున్నా గుర్తు ఉండాదే, ఎడమనుంచి తిప్పుకొచ్చి కొట్టినా. పండ్ల సందున రవ్వంత ఆట, అంటే వదులు, ఉంటాది. రెండు పక్కలా తిప్పి చూసుకోవల్ల."

"అలాగేనండీ" అన్నాను, ఇంట్లో పెద్దవాళ్ళు స్వెట్టరు వేసుకోమంటే అన్నట్టు.

చక్రం కడిగి నూనె వేశారు. "ఎనకాల ఈ నట్టు బిగిస్తే ఆట తగ్గుతాది. నా స్పానరు ఎవురో ఎత్తుకపోయినారు, ఈడ బిగించలేను" అన్నారు. తెగిన తీగల సంగతి అడిగితే చేతులెత్తేశారు. "అది నా పని కాదు. ధర్మవరంలో మా చెల్లెలి వీధిలో లక్ష్మమ్మ అని మగ్గం నేస్తాది. ఎంటిక లాంటి పోగు తెగినా తెలీకుండా అతుకుతాది. నేను ఫోన్ చేస్తా, పో."

విశ్వం పుట్టుక ఇప్పుడు ఒక మగ్గం మీద ఆధారపడింది. ఇంకో పదకొండుసార్లు తుమ్మి లాడ్జీకి చేరాను.

పెనుకొండ: శనివారం

బస్సులో పక్కసీట్లో ఒక అవ్వ. ఊరు రొద్దం. కూర్చున్న నిమిషానికి నా పెట్టె మీద తన మోచెయ్యి పెట్టుకుంది. పెట్టెను కొంచెం జరిపాను. మోచెయ్యి కూడా జరిగింది.

"ఏముండాది పాపా అండ్లో?"

"తీగల చట్రం అవ్వా."

"జల్లెడనా?"

ఆలోచిస్తే అంతకంటే మంచి పేరు మా మూడేళ్ళ కాగితాల్లో లేదు. "అలాంటిదే. ఆకాశం నుంచి వచ్చేదాన్ని జల్లిస్తుంది."

"ఆకాశంలో రాళ్ళుంటాయా జల్లించనీకి?"

"రాళ్ళు కాదవ్వా, తరంగాలు."

"తినేదానికి పనికొస్తాయా?"

"రావు."

"మరెందుకు జల్లించేది?" అని నిద్రపోయింది. మా ప్రాజెక్టుకు డబ్బిచ్చేవాళ్ళు కూడా ఇదే అడుగుతారు, కాకపోతే వాళ్ళు నిద్రపోరు.

సోమందేపల్లి దగ్గర టైరు పంక్చరైంది. గంటసేపు రోడ్డుపక్కన నిలబడి, పది రూపాయల టీ రెండుసార్లు తాగాను. అవ్వ లేచి నా జాతకం అడిగింది. శని ఎక్కడున్నాడో తెలియదన్నాను. టైరు పంక్చరైంది నావల్లేనని తేల్చింది. "నేను నవగ్రహాలకు తిరగనీకే పోతాండా. నువ్వూ రా. నీ జల్లెడ కూడా."

పెనుకొండ కొండ కింద దిగినప్పుడు అంత పెద్ద కోటగోడల్ని చూసి నోరు తెరిచాను. ఒకప్పుడు రాజులు ఏలిన చోటు. అవ్వ అటు చూడను కూడా చూడలేదు. ఆమెకది ఎండ ఎక్కువగా తగిలే వైపు, అంతే. బజారు దగ్గరి చిన్న గుడికి తీసుకెళ్ళింది. పెట్టె కింద పెడితే ఎవరైనా తొక్కుతారని భయం, అందుకే చేతుల్లో పట్టుకునే తిరిగాను. తీగలు తెగిన చట్రానికి శని వదిలించిన మొదటి ల్యాబు మాదే అయ్యుండాలి.

ఒకటి, రెండు, మూడు. ఏడో చుట్టు పూర్తయింది. నేను ఎనిమిదో దానికి అడుగు వేశాను. అవ్వ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి నాకు ఎదురొచ్చింది. పెట్టె ఆమె పొట్టకు తగిలింది.

"యాడికి పోతాండావు? ఎనక్కి తిరుగు."

"వెనక్కా? అప్రదక్షిణమా?"

"ఏడు ఇట్ల, రెండు అట్ల. రాహువు, కేతువు ఎనక్కి పోయేటోళ్ళు. వాళ్ళకి అట్లే తిరగల్ల. మీ ఊర్లో చెప్పలేదా?"

మా తణుకులో మా అమ్మ తొమ్మిదీ ఒకేవైపు తిప్పేది. వెనక్కి తిరగడం అనేది దేవుడి దగ్గర తిట్టుతో సమానమని నా నమ్మకం. భయపడుతూనే తిరిగాను. ఏడు చుట్లకు తిరిగిన తల రెండు చుట్లలో సర్దుకుంది.

"చూడు" అంది అవ్వ. "ఒగే పక్క తిరుగుతా ఉంటే తిక్క లేస్తాది. ఎనక్కి తిరిగితేనే తెలిసేది, ఎంత లేసిందో."

మెట్టు మీద కూలబడ్డాను. అవ్వ ప్రసాదం కొబ్బరిముక్క చేతిలో పెట్టింది. నేను తినలేదు. ఒకే పక్క అరిగిన పళ్ళు. ఎడమనుంచి తెచ్చి సున్నా కొట్టిన ఎడంచేతి మేస్త్రి. మూడేళ్ళుగా కుడికి మాత్రమే తిప్పిన మేము. పళ్ళ మధ్య సందు ఎంతుందో మా సున్నా అంత పక్కకు ఉంటుంది. ప్రతిసారీ, ఒకే పక్కకి. వెయ్యిసార్లు కొలిచి సగటు తీసినా.

"ఏమైంది పాపా, మొగం అట్ల పెట్టినావు?"

"అవ్వా, తప్పు నాదేమో."

"అయితే ఇంగో ప్రదక్షిణం చెయ్" అంది, అంత తేలిగ్గా.

ధర్మవరం రైలు పోయింది. ఆ పూట ఉండిపోయాను. సాయంత్రం ఒక బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగుల తాలింపు. మా వైపు బొరుగుల్ని మరమరాలంటాం, నీళ్ళలో ముంచడం పాపమనుకుంటాం. ఇక్కడ ముంచి, పిండి, తాలింపు పెట్టి నలభై రూపాయలకు స్వర్గం అమ్ముతున్నారు. అది తింటూ ఉండగా రెండో ఆలోచన వచ్చింది, మొదటిదానికంటే చెడ్డది. నేను ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సోమవారం పదింటికి కోసేస్తారు. కోశాక ఆ పట్టు ముందు వంకరగా ఉండేదో తిన్నగా ఉండేదో ఎవరూ తేల్చలేరు. నా నలభై రెండు పేజీలూ నిలబడతాయి. శశి పాలప్యాకెట్టు ఒక్కటే ఫ్రిజ్జులోంచి వెళ్ళిపోతుంది.

ఈ ఆలోచన నాకు రాలేదని రాయవచ్చు. బజ్జీ చల్లారేంతసేపు ఉంది.

ధర్మవరం: ఆదివారం

వీధి మలుపు తిరగకముందే మగ్గాల చప్పుడు. లక్ష్మమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. గుంతలో కాళ్ళు పెట్టి మగ్గం ముందు కూర్చున్నారు. గోడ నుంచి వీధి తలుపు దాకా ఇరవై అడుగుల పొడవు ఇల్లు, అందులో సగం పడుగుదారాలదే. మనుషులు పక్కనుంచి ఒత్తిగిలి నడుస్తారు. నా చట్రం తీసి వేలికొనతో తీగల్ని ఒకసారి నిమిరారు, వీణ తీగల్ని నిమిరినట్టు.

"నాలుగు తెగినాయి. ఈ ఐదోది తెగలేదు గాని సడలింది."

ఐదోది మా సూక్ష్మదర్శినికి కూడా దొరకలేదు. నేను తెచ్చిన తీగతో, నాలుకతో వేళ్ళు తడి చేసుకుంటూ, ఊపిరి బిగబట్టి రెండు గంటల్లో ఐదూ కట్టేశారు. పని అయిపోయింది. పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. నేను పెట్టె మూత తీశాను కూడా.

"ఉండు. సున్నా యాడుండాది దీనికి?"

"డయల్ మీద ఉందండీ."

"డయల్ మీద కాదమ్మా, తీగ మీద. కట్టినాక సూటి చూడకుండా ఎట్ల ఇస్తా?"

చట్రాన్ని పలక మీద పడుకోబెట్టారు. ఎర్ర పట్టుదారం ఒకటి తీసి, నడిమి తీగ వెంబడే సూటిగా, ఇరవై అడుగుల అవతల వీధి తలుపు దాకా లాగించారు. నన్ను హ్యాండిల్ తిప్పి సున్నా దగ్గరికి తెమ్మన్నారు. కుడివైపు తిప్పి తెచ్చాను. దారాన్ని మళ్ళీ తీగకు సూటిగా సర్ది, అది తలుపుచెక్కకు తగిలిన చోట సుద్దముక్కతో గీత పెట్టారు.

"ఇప్పుడు అట్లనుంచి తే."

"ఎడమకి తిప్పకూడదండీ."

"ఎవురు చెప్పినారు?"

ఈ ప్రశ్నకు మూడేళ్ళ చదువు మీద ఆధారపడి ఒకే ఒక జవాబు ఉంది. "స్టిక్కరు."

ఆవిడ స్టిక్కరు చదివారు. దారం కొసను పళ్ళ మధ్య పట్టుకుని, చెయ్యి చాపి, ఎడమకి తిప్పేశారు. ఆకాశం ఊడిపడలేదు. డయల్ మళ్ళీ సున్నా. మళ్ళీ దారం లాగాం.

సుద్దగీతకు రెండు వేళ్ళ అవతల తగిలింది.

హ్యాండిల్ నేనే అందుకున్నాను. మళ్ళీ కుడినుంచి. గీత మీదే. మళ్ళీ ఎడమనుంచి. రెండు వేళ్ళ అవతల. తొమ్మిదిసార్లు చేశాం, అవ్వ లెక్కకు సరిగ్గా. ఫోన్లో లెక్క వేశాను. ఇరవై అడుగులకు రెండు వేళ్ళు. డిగ్రీలో మూడోవంతు. నా రిపోర్టు మొదటి పేజీ, రెండో వాక్యంలో ఉన్న అంకె.

కళ్ళు తలుపుచెక్క మీదే ఉండిపోయాయి. మూడేళ్ళలో నేను కొలిచింది ఆకాశమూ కాదు, శశి లెన్సూ కాదు. స్టిక్కరును కొలిచాను, చాలా కచ్చితంగా.

"ఎవురన్నా సచ్చినారా?" అన్నారు లక్ష్మమ్మ గారు.

"లేదండీ. మూడో అధ్యాయం."

"సిన్నదా?"

"నలభై రెండు పేజీలు."

"పాపం" అని మంచినీళ్ళిచ్చారు. పక్కన కూర్చుని చెప్పారు: "నా పెండ్లయిన కొత్తల్లో మగ్గం అచ్చు పండ్లల్లో ఒక పోగు తప్పు సందున దూర్చినా. చీర పొడుగునా ఒగే తావున సన్నగా గీత పడింది. చెప్దామనుకునేలోపల షావుకారొచ్చి, ఈ డిజైను బాగుండాది, ఇంగో పది నేయమన్నాడు. ఒగసారి తప్పితే అందరూ తప్పంటారు. వరస వరసకీ తప్పితే డిజైనంటారు."

"మరి చెప్పారా?"

"పది నేసినాక చెప్పినా." దారం కొస తుంచారు. "నువ్వు అంతదాకా ఉండొద్దులే."

వీధిలోకి వచ్చి శశికి ఫోన్ చేశాను. నెల తర్వాత మొదటిసారి.

"ఏంటి?"

"శశీ, మెలిక నీ లెన్సు పట్టులో లేదు."

మగ్గాల చప్పుడు ఆమెకూ వినబడుతూ ఉండాలి.

"మరెక్కడుంది?"

"హ్యాండిల్లో. ఎప్పుడూ కుడికే తిప్పాం. పళ్ళలో ఆట ఉంది."

"తిప్పిందెవరు?"

"అందరం."

"రిపోర్టు రాసిందెవరు?"

"నేను."

"నలభై రెండు పేజీలు."

"నలభై రెండు."

నేను తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాను. మంచివి కొన్ని ఆమెకు వచ్చు.

"ప్రొఫెసర్‌కి చెప్పావా?"

"ఇప్పుడు చెబుతాను. ముందు నీకు."

"చెప్పు. రేపు వచ్చేటప్పుడు పాలు తే, అయిపోయాయి" అని పెట్టేసింది.

"ఒక ప్యాకెట్టా, రెండా?" అని అడగడానికి మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఒకటే కొన్నాను.

తిరిగొచ్చాక

సోమవారం తొమ్మిదింటికి, రంపం సిద్ధంగా పెట్టుకున్నవాళ్ళ ముందు, చట్రం బిగించి మేస్త్రి లాగా ఎడమనుంచి తిప్పి కొలిచాం. డిగ్రీలో మూడోవంతు మాయమైంది. కుడినుంచి తిప్పితే మళ్ళీ వచ్చింది. ప్రొఫెసర్ గారు చాలాసేపు హ్యాండిల్ వంక చూసి, "ఆ కొబ్బరికాయ కొట్టింది నేనే కదూ" అన్నారు. ఎవరూ కాదనలేదు. లెన్సు పట్టును కొయ్యలేదు. శశి దాన్ని తీసుకుని నా బల్ల ముందు నుంచే రెండుసార్లు అవసరం లేకుండా నడిచింది.

స్టిక్కరు గోళ్ళతో గీకితే సగమే ఊడింది. ఇప్పుడు 'మాత్రమే తిప్పవలెను' అని ఉంది. కొత్త రిపోర్టు ఒక పేజీ. అందులో ముఖ్యమైన వాక్యం ఒకటే: వెనకాల నట్టు బిగిస్తే ఆట తగ్గును.

నట్టు పదమూడో నంబరు. మా ల్యాబులో పన్నెండో నంబరు స్పానరు ఉంది, పద్నాలుగో నంబరుది ఉంది.